పక్క గదిలో ఎవరూ లేకపోయినా

గుంటూరులో ఒక మిత్రుడి ట్యూషన్ సెంటరు మేడ మీద, ఆదివారం ఉదయాల్లో, పది పన్నెండు మంది పిల్లలకు షార్ట్ ఫిల్ములకు కథ ఎలా రాసుకోవాలో చెబుతుంటాను. కొందరు ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, అందరి ఫోన్లలోనూ సగంలో ఆగిపోయిన కథలున్నాయి. కోర్సు మొదలైన రెండో వారంలో వాళ్లకు ‘జార్జ్ లూకాస్ ఇన్ లవ్’ అనే లఘుచిత్రం చూపించడం నాకు అలవాటు. 1999లో వచ్చిన ఆ చిత్రం నిడివి పది నిమిషాలు కూడా నిండదు. అంతరిక్షంలో జరిగే హాలీవుడ్ సినిమా స్టార్ వార్స్ కథ దాని రచయిత, దర్శకుడు జార్జ్ లూకాస్ బుర్రలో ఎలా పుట్టి ఉంటుందో సరదాగా ఊహించి తీశారు. ప్రతి ఏడాదీ పిల్లలు పగలబడి నవ్వుతారు. కిందటి ఏడాది మాత్రం, నవ్వులు సద్దుమణిగాక, వెనక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "సార్, మా హాస్టల్లో పక్క గదిలో అట్లాంటి వాళ్లెవరూ లేరు. మరి నేనేం రాయాలి?" అని అడిగింది. ఆ గొంతులో నిజమైన దిగులుంది. ఆ రోజు ఏదో ధైర్యం చెప్పి కూర్చోబెట్టాను గానీ, నేను చెప్పింది జవాబు కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఏళ్ల తరబడి ఇష్టంగా చూపిస్తూ వచ్చిన చిత్రంతో నాకొక తగాదా ఉందని ఆ ప్రశ్న వల్లే తెలిసింది.

ముందు ఆ చిత్రం కథ చెప్పాలి. 1967లో, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుతున్న లూకాస్ టైప్‌రైటర్ ముందు కూర్చుని ఉంటాడు. స్క్రిప్టు పూర్తి చేయాల్సిన గడువు నెత్తి మీద ఉంటుంది, ఒక్క పేజీ ముందుకు కదలదు. అతను రాయాలనుకుంటున్నది అంతరిక్షంలో సేద్యం చేసుకునే ఒక కుర్రాడి కష్టగాథ. అందులో పంట దెబ్బతినడం తప్ప చెప్పుకోదగ్గ సంఘటన లేదు. పక్క గదిలో ఉండే ప్రత్యర్థి ఇన్‌హేలర్ పీలుస్తూ, బరువుగా ఊపిరి తీస్తూ వచ్చి ఇతన్ని ఎత్తిపొడుస్తుంటాడు. గుబురు జుట్టుతో ఒక భారీ మనిషి ఎదురవుతాడు. మాటల వరుస తిరగేసి మాట్లాడే ప్రొఫెసర్ ఒకాయన హితవు చెబుతాడు. (కర్మను ముందు పెట్టి క్రియను చివర పెట్టడం తెలుగువాళ్లకు సహజమే కాబట్టి, ఆ హాస్యం మాత్రం మా క్లాసులో విడమరిచి చెప్పాల్సి వస్తుంది.) వీళ్లంతా రేపటి స్టార్ వార్స్ పాత్రల పోలికలే, అయినా ఇంతమందిని చూస్తున్నా లూకాస్‌కు ఏమీ తట్టదు. చివరికి, జుట్టును రెండు చెవుల మీదా రెండు ముడులుగా చుట్టుకుని, విద్యార్థుల తిరుగుబాటు నడుపుతున్న మేరియన్ అనే అమ్మాయి అతని జీవితంలోకి వస్తుంది. తెలిసినదాన్నే రాయమన్న మాట చెవిన పడగానే అతని కళ్లకు కమ్మిన పొర వీడిపోతుంది, వేళ్లు టైప్‌రైటర్ మీద పరుగెడతాయి. ఆ తరువాత ఆ అమ్మాయి అతని సొంత చెల్లెలని తేలుతుంది.

దీన్ని తీసిన జో నస్‌బామ్, నిర్మించిన జోసెఫ్ లెవీ ఇద్దరూ అదే విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకున్నవాళ్లు. షేక్‌స్పియర్ ప్రేమలో పడి రోమియో జూలియట్ కథ రాసుకున్నట్టు ఊహించిన ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ ఆ ఏడాదే ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది; ఆ మూసలో స్టార్ వార్స్‌ను పోసి, తమకూ పని వచ్చునని స్టూడియోలకు చూపించుకోవడానికి ఈ చిత్రం తీశారు. ఇంటర్నెట్‌లో వీడియో చూడటమే వింతగా ఉన్న రోజుల్లో అది నెట్‌లోకి వచ్చి, చేతులు మారి మారి స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాకా, ఆయన ద్వారా లూకాస్ దాకా చేరింది. లూకాస్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. క్యాసెట్‌గా విడుదలైనప్పుడు, అమెజాన్ అమ్మకాల్లో ఒక దశలో అది లూకాస్ సొంత చిత్రమైన ‘ది ఫాంటమ్ మెనేస్’ను కూడా దాటిపోయింది. కొత్తగా చదువు ముగించుకున్న పిల్లలు చేసిన పనికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

చిత్రం మీద నాకున్న ఇష్టం తగ్గలేదు. అందులో హాస్యం నడిచే పద్ధతి చాలా పాతది, చాలా గట్టిది: ప్రేక్షకుడికి తెలిసినది కథలోని మనిషికి తెలియకపోవడం. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో కూర్చున్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు, ఆ తేడాలోంచే నవ్వంతా వస్తుంది. ఇక్కడా అంతే. ఆ ఊపిరి చప్పుడు వినగానే థియేటరంతటికీ స్టార్ వార్స్ ప్రతినాయకుడు డార్త్ వేడర్ కనిపిస్తాడు, ఆ పాత్రను పుట్టించాల్సిన మనిషికి మాత్రం ఉబ్బసం మనిషే కనిపిస్తాడు. లూకాస్‌గా నటించిన మార్టిన్ హైన్స్ ఎక్కడా అతి చేయడు. పాపం నిజంగానే రాయలేకపోతున్నవాడిలా, చెమట పట్టిన ముఖంతో తిరుగుతాడు. అందుకే నవ్వుతూనే అతని మీద జాలి పడతాం.

నా తగాదా ఆ నవ్వు ఏ నమ్మకం మీద నిలబడిందో దానితోనే. గొప్ప కథకు కావలసిన ముక్కలన్నీ రచయిత కళ్లెదుటే ముందే తయారై ఉంటాయి, అవి గుర్తించే ఒక్క క్షణం వస్తే చాలు, మిగిలింది టైపు చేయడమే అన్నది ఆ నమ్మకం. చిత్రం దీన్ని వాదంగా చెప్పదు, హాస్యంగానే చెబుతుంది. అయినా హాస్యంగా చెప్పినది మనసులో మరింత లోతుగా దిగుతుంది. రాయడం మొదలుపెట్టిన పిల్లవాడు తన చుట్టూ చూసుకుంటాడు. హాస్టల్లో ఇడ్లీ, సెమిస్టరు పరీక్షలు, రాత్రి పదకొండింటికి పోయే వైఫై తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ క్షణం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఎదురుచూసి ఎదురుచూసి, తనలో ప్రతిభ లేదని తీర్మానించుకుని మానేస్తాడు. అలా మానేసినవాళ్లను నేను లెక్కకు మించి చూశాను.

నిజానికి 1967 నాటి లూకాస్ రైతుల కథలతో గానీ మరే కథలతో గానీ కుస్తీ పడటం లేదు. ఆ రోజుల్లో అతనికి స్క్రిప్టు రాయడం మీదే ఆసక్తి లేదు. బొమ్మనూ ధ్వనినీ పక్కపక్కన పెట్టి అర్థం పుట్టించే, కథ లేని చిత్రాల మీద మోజు. అతనికి బాగా పట్టుకున్న చిత్రం ఒకటుంది: కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేసిన ఆర్థర్ లిప్సెట్ అనే యువకుడు 1963 ప్రాంతంలో చేసిన ‘21-87’. ఇతరులు ఎడిటింగ్ గదుల్లో పారేసిన ఫిల్ము ముక్కలను, ధ్వని ముక్కలను పోగేసి, తాను వీధుల్లో తీసిన దృశ్యాలతో కలిపి లిప్సెట్ దాన్ని కూర్చాడు. నిడివి పది నిమిషాల లోపే. అందులో, ప్రకృతిని, ప్రాణులను చూస్తున్నప్పుడు మనుషులకు ఈ కనబడే తెర వెనక ఏదో ఒక శక్తి ఉందని అనిపిస్తుందంటూ ఒక గొంతు వినిపిస్తుంది. తరువాతి కాలంలో, స్టార్ వార్స్‌లో విశ్వమంతా నిండి ఉండే శక్తిని పిలిచే ‘ఫోర్స్’ అన్న మాటకూ దానికీ సంబంధం ఏమిటని అడిగితే, ఆ చిత్రంలోని మాటకు అది ప్రతిధ్వని అని లూకాస్ ఒప్పుకున్నాడు. అలాంటి ఆలోచన వేల ఏళ్లుగా మనుషులలో ఉన్నదేనని కూడా అన్నాడు.

నేను పిల్లలకు ఈ మధ్య చూపిస్తున్న ముక్క ఒకటుంది. స్టార్ వార్స్ తొలి చిత్రంలో రాకుమారి లేయాను (మేరియన్ జుట్టు ముడులు ఈమెవే) బంధించిన గది నంబరు వెతికే సన్నివేశం దగ్గర ఆపుతాను. ఆ నంబరు 2187. కాలేజీ చీకటి గదిలో ఒక యువకుడు పదే పదే చూసిన తొమ్మిదిన్నర నిమిషాల చిత్రం పేరు, పదేళ్ల తరువాత, కోట్లమంది చూసిన చిత్రంలో ఒక తలుపు మీద అంకెగా నిలబడి ఉంది. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు లోపల రాకుమారి ఉంటుంది. ఎవరూ గుర్తుపట్టకపోయినా ఫరవాలేదనుకుని పెట్టిన గురుదక్షిణ అది. స్టార్ వార్స్‌కు విశ్వవిద్యాలయంలో పడిన విత్తనం ఏదైనా ఉంటే అది ఇదే. పక్క గదివాడి ఇన్‌హేలర్ కాదు. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ విత్తనానికీ సినిమాకూ నడుమ ఎంత దూరం ఉందో కూడా చెప్పాలి. లూకాస్ మొదట ‘ఫ్లాష్ గోర్డన్’ అనే పాత బొమ్మల కథను సినిమాగా తీద్దామనుకున్నాడు, హక్కులు దొరకలేదు. దొరక్కపోవడం వల్లనే సొంత కథ రాసుకోవాల్సి వచ్చింది. 1973 జనవరిలో, తన అంతకుముందు చిత్రం ‘అమెరికన్ గ్రాఫిటీ’ ఇంకా విడుదల కాకముందు, కాగితం మీద పెన్సిల్ పెట్టాడు. ఆ మే నెలకు పద్నాలుగు పేజీల కథాసారం తయారైంది. అందులో చాలా భాగం అకిరా కురొసావా 1958లో తీసిన ‘ది హిడెన్ ఫోర్ట్రెస్’ నీడలోనే నడుస్తుంది. ఆ జపాన్ చిత్రంలో ఎప్పుడూ పోట్లాడుకునే ఇద్దరు పల్లెటూరి మనుషుల నుంచే తరువాత పోట్లాడుకునే రెండు మరమనుషులు వచ్చాయి. 1974 మేలో తొలి పూర్తి చిత్తుప్రతి వచ్చింది. దాన్ని ఇప్పుడు చదివితే గుర్తుపట్టడం కష్టం. సినిమాలో నౌక నడిపే మామూలు మనిషి హాన్ సోలో, అందులో పచ్చటి చర్మం, మొప్పలు ఉన్న వింత ప్రాణి. సినిమాలో కుర్ర కథానాయకుడైన ల్యూక్ స్కైవాకర్ అందులో వయసు మళ్లిన సేనాధిపతి. కథానాయకుడి పేరు ఆనికిన్ స్టార్‌కిల్లర్. 1975లో ఒక దశలో కథానాయకుడి స్థానంలో అమ్మాయిని కూడా పెట్టి చూశాడు. కుర్రవాడి ఇంటిపేరు స్టార్‌కిల్లర్ నుంచి స్కైవాకర్‌గా మారి స్థిరపడటానికి 1976లో షూటింగు సమయం దాకా పట్టింది.

మూడేళ్లకు పైగా సాగిన ఈ శ్రమను పది నిమిషాల హాస్యంలో చూపించలేరని నాకు తెలుసు. కానీ ఆ పచ్చటి హాన్ సోలోను తలుచుకుంటే నాకెంత ఊరట కలుగుతుందో చెప్పలేను. ప్రపంచంలో సగం మంది ప్రేమించిన పాత్ర మొదటి ప్రయత్నంలో తప్పుగా పుట్టింది. రెండోసారి కూడా సరిగా రాలేదు. రాసినవాడు దాన్ని చించి పారేయకుండా, మార్చి మార్చి రాస్తూ కూర్చున్నాడు. నా క్లాసులో పిల్లలకు కావలసింది ఈ కథ.

కళ్లెదుట ఉన్నవి కథలోకి రావని నేను అనడం లేదు. లూకాస్ కుక్క ఇండియానా కారులో అతని పక్క సీట్లో మనిషిలా దర్జాగా కూర్చునేది. హాన్ సోలో పక్కన ఉండే గుబురు జుట్టు భారీ ప్రాణి చ్యూబాకా దాన్నుంచే వచ్చాడు. ‘అమెరికన్ గ్రాఫిటీ’ ధ్వని కలుపుతున్న రోజుల్లో వాల్టర్ మర్చ్ రెండో రీలు, రెండో డైలాగు ట్రాకు కావాలని ‘ఆర్ టూ, డీ టూ’ అని అడిగితే, ఆ శబ్దం లూకాస్ చెవికి నచ్చి మరమనిషి పేరైంది. అయితే ఇవి ఎక్కడ దొరికాయో గమనించాలి. పని చేస్తున్న గదిలో, పని మధ్యలో దొరికాయి. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చోనివాడికి ‘ఆర్ టూ డీ టూ’ వినిపించదు.

ఇక ఆ ఊపిరి సంగతి. లఘుచిత్రంలో అది ఉబ్బసం ఉన్న ఒక కుర్రవాడి నుంచి వచ్చింది. వాస్తవంలో, వేడర్‌ను ఎత్తుగా, నల్లటి ముసుగుబట్టలు రెపరెపలాడే మనిషిగా లూకాస్ చెబితే, బొమ్మలు గీసే రాల్ఫ్ మెక్వారీకి ఒక సందేహం వచ్చింది: ఇతను ఒక నౌక నుంచి ఇంకో నౌకకు గాలి లేని శూన్యంలో దాటి వస్తున్నాడు కదా, ఊపిరి ఎలా ఆడుతుంది? ఆ సందేహంతోనే ఆయన ఊపిరి ముసుగు గీశాడు. ఆ బొమ్మకు ధ్వని కావలసి వచ్చినప్పుడు, అదే విశ్వవిద్యాలయంలో చదువుకున్న బెన్ బర్ట్ నీటి అడుగున ఈదేవాళ్లు వాడే శ్వాస పరికరంలో మైకు పెట్టి తన ఊపిరినే రికార్డు చేశాడు. సినిమా చరిత్రలో అందరూ గుర్తుపట్టే ఆ శబ్దం ఒక చిత్రకారుడి సందేహానికి, ఒక సౌండ్ ఇంజనీరు ఓపికకు పుట్టిన బిడ్డ. వాళ్లిద్దరినీ తీసేసి, అక్కడ ఇన్‌హేలర్ పట్టుకున్న ప్రత్యర్థిని నిలబెడితే నవ్వు వస్తుంది. ఆ నవ్వులో ఇద్దరు మనుషుల పని కనపడకుండా పోతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మేరియన్ పాత్ర. లీసా జాకుబ్ దాన్ని హాయిగా నటించింది, ఆమె తప్పేమీ లేదు. కథలో ఆ అమ్మాయి చేసే పని మాత్రం ప్రేరణగా నిలబడటమే. లూకాస్ జీవితంలో ఆ రోజుల్లో ఉన్న స్త్రీ మార్షియా లూకాస్. 1969లో అతన్ని పెళ్లాడింది, అంతకుముందు నుంచే ఎడిటరుగా పనిచేస్తోంది. స్టార్ వార్స్ చివర్లో శత్రువుల అంతరిక్ష కోట డెత్ స్టార్ మీద జరిగే దాడి ఘట్టాన్ని ఎడిటింగ్ బల్ల మీద ఆమె కూర్చింది. విడివిడిగా తీసిన విమానాల ముక్కలు, కాక్‌పిట్‌లో నటుల ముఖాలు, ఇంకా తయారుకాని ట్రిక్ షాట్ల స్థానంలో ఖాళీలు, వీటన్నిటినీ ఒక వరుసలో పెట్టి, ప్రేక్షకుడు కుర్చీ అంచుకు జరిగేలా చేయడం ఎంత పనో ఒక్కసారైనా ఎడిటింగ్ చేసినవాళ్లకు తెలుస్తుంది. పాల్ హిర్ష్, రిచర్డ్ చ్యూలతో కలిసి 1978లో ఆమె ఆ ఎడిటింగుకు ఆస్కార్ అందుకుంది. జార్జ్ లూకాస్‌కు ఆ చిత్రానికి రచయితగా, దర్శకుడుగా ఆస్కార్ రాలేదు, ఆమెకు వచ్చింది. అటువంటి పుట్టుక కథలో స్త్రీకి చెవుల మీద ముడులు, ఒక మంచి మాట మాత్రమే మిగలడం నాకు న్యాయంగా తోచదు.

చెల్లెలి మలుపు విషయంలో కూడా ఇలాంటిదే జరిగింది. అంతా మొదటి రోజే తెలిసిపోయినట్టు చూపించడం హాస్యానికి బాగుంటుంది. నిజానికి 1977 మే 25న తొలి చిత్రం విడుదలైన నాటికి వేడర్ ల్యూక్‌కు తండ్రి అన్న విషయమే స్థిరపడలేదు. రెండో చిత్రానికి 1978 ఫిబ్రవరిలో లీ బ్రాకెట్ రాసిన చిత్తుప్రతిలో ల్యూక్ తండ్రి వేరే మనిషి, ఆత్మగా కనిపిస్తాడు. ఆ తరువాతి ప్రతుల్లోనే ఇద్దరూ ఒకరయ్యారు, 1980లో అది తెర మీదికి వచ్చింది. లేయా ల్యూక్‌కు చెల్లెలన్న సంగతి ప్రేక్షకులకు తెలిసింది 1983లో. అంటే కథ ఎక్కడికి వెళుతుందో రాస్తున్నవాడికే చాలాకాలం తెలియదు.

ఇలాంటి పుట్టుక కథలు మనకు కొత్తవి కావు. గజేంద్రమోక్షం రాస్తూ వైకుంఠం ఎలా ఉంటుందో ఊహకు అందక పోతన గంటం పక్కన పెట్టి వెళ్లాడని, శ్రీరాముడే ఆయన రూపంలో వచ్చి ‘అల వైకుంఠపురంబులో’ పద్యం పూరించి వెళ్లాడని, తిరిగి వచ్చిన తండ్రితో కూతురు "ఇప్పుడే కదా మీరు వచ్చి రాసింది" అన్నదని మా అమ్మ చెప్పేది. ఆ కథ వింటూ పెరిగినవాణ్ణి, దాని మీద నాకున్న మమకారం పోదు. కానీ అదే భాగవతం గురించి తెలుగు సాహిత్య చరిత్ర చెప్పే ఇంకో మాట ఉంది. పోతన గ్రంథంలో లేకుండా పోయిన భాగాలను గంగన, సింగన, నారయ అనే ముగ్గురు కవులు పూరించారు. రాముడు వచ్చి రాసిన ఒక్క పద్యం ఇంటింటా తెలుసు. స్కంధాలకు స్కంధాలే పూరించిన ఆ ముగ్గురి పేర్లు తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లను అడిగినా తడుముకుంటారు. దైవం సాయం చేసిన కథను గుర్తుపెట్టుకున్నంత సులువుగా మనుషులు సాయం చేసిన కథను మనం గుర్తుపెట్టుకోం.

హాస్య చిత్రాన్ని ఇంత పట్టి చూడాలా అని నా మిత్రుడొకడు అన్నాడు. తీసినవాళ్లు చరిత్ర చెబుతున్నామని ఎక్కడా అనలేదు, వాళ్ల ఉద్దేశం నవ్వించడమే అని అతని మాట. అది ఒప్పుకుంటాను. పైగా ఆ లఘుచిత్రం తయారైన తీరే నా వాదానికి సాక్ష్యం. అది కూడా ఒంటరిగా, ఒక్క మెరుపులో పుట్టలేదు. దర్శకుడితో కలిసి ముగ్గురు రాశారు, ఒక ఆస్కార్ చిత్రం రూపాన్నీ ఇరవై రెండేళ్ల పాత చిత్రం పాత్రలనూ అరువు తెచ్చుకున్నారు, తెలిసిన మనుషులను పోగేసుకుని తీశారు. కథ ఒకటి చెబుతుంటే, ఆ కథను తయారుచేసిన పద్ధతి ఇంకొకటి చెబుతోంది. నేను పిల్లలకు ఇప్పుడు ఆ రెండోదాన్ని కూడా చెబుతున్నాను.

ఈ ఏడాది నుంచి పద్ధతి మార్చాను. మొదట లూకాస్ మీది హాస్యం చూస్తాం, అందరం నవ్వుకుంటాం. వెంటనే లిప్సెట్ ‘21-87’ చూస్తాం, ఎవరూ నవ్వరు, సగం మందికి ఏమీ అర్థం కాదు. ఆ తరువాత 2187 అంకె ఉన్న సన్నివేశం దగ్గర ఆపి, పచ్చటి హాన్ సోలో సంగతి చెబుతాను.

నిరుడు ప్రశ్న అడిగిన అమ్మాయి ఈ ఏడాది కూడా వస్తోంది. ఆమె నాన్న ఊరవతల మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా కాస్తాడు. ఆమె రాస్తున్న కథ ఒక కోల్డ్ స్టోరేజీలో జరుగుతుంది. లోపలి గదిలో కాలం బయటికన్నా నెమ్మదిగా నడుస్తుంటుంది. మొదటి చిత్తుప్రతిలో ఆ సంగతి కనిపెట్టేది అమెరికా నుంచి వచ్చిన ఒక శాస్త్రవేత్త. రెండోదాంట్లో ఆయన పోయి, గోడౌను యజమాని కొడుకు వచ్చాడు. మూడోదాంట్లో వాచ్‌మన్ వచ్చాడు, మిర్చి టిక్కీలు (బస్తాలు) లెక్కపెడుతూ, లోపలికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ తన గడియారం వెనకబడుతోందని గమనిస్తాడు. ఆ పేజీ నాకు చాలా నచ్చిందమ్మా అంటే తల ఊపింది గానీ, కాగితాలు వెనక్కి తీసుకుని, వాచ్‌మన్‌కు ఇంకా పేరు కుదరలేదని చెప్పింది.